బల్ల మీద పల్లె... పల్లెలోకి రైలు!

పెంకుటిళ్లు, పచ్చని పొలాలు, చెరువుగట్టు, గట్టు పక్కన చిన్న స్టేషను... వీటన్నిటి మధ్యలోంచి కూతపెడుతూ వెళ్లే బుల్లి రైలు. చూడ్డానికి పిల్లలాటే. కానీ మాయమైపోయిన ఊళ్లూ ఆగిపోయిన రైళ్లూ ఎన్నో ఇప్పుడు ఈ ఆటలోనే బతికున్నాయి.

పిల్లలకు బొమ్మ రైలు కొనిస్తే ఏం చేస్తారు? పట్టాలు గుండ్రంగా పేరుస్తారు. రైలును వాటి మీద వదులుతారు. నాలుగు చుట్లు తిరిగేసరికి విసుగొచ్చి పక్కన పడేస్తారు. అదే, పట్టాల పక్కన ఓ అగ్గిపెట్టెను నిలబెట్టి 'ఇదిగో, మన ఊరి స్టేషను' అని చెప్పి చూడండి. రైలు అక్కడ ఆగాలి. ఎవరో దిగాలి. దిగినవాళ్లు నడిచి వెళ్లడానికి ఓ బాట కావాలి. బాట చివర ఇల్లుండాలి. ఇంటి ముందు చెట్టుండాలి... ఇంకేముంది, కథ మొదలైపోయినట్టే!

మోడల్ రైల్వే అనే హాబీ కిటుకంతా ఆ అగ్గిపెట్టెలోనే ఉంది. పట్టాలు, స్టేషను, ఊరు, పొలాలు అన్నీ కలిపి బల్లమీద కట్టే ఈ చిన్న ప్రపంచాన్ని 'లేఅవుట్' అంటారు. నిజం రైలును కొలిచి, అదే నిష్పత్తిలో తగ్గించి, చుట్టూ నిజం ఊరిని తలపించేలా కట్టడమే ఇందులోని సరదా. ఆ సరదా కోసం ఏళ్లకేళ్లు కూర్చునేవాళ్లున్నారు. జీవితమంతా ధారపోసినవాళ్లూ ఉన్నారు.

పూరిళ్లు పోతున్నాయని...

అలాంటి ఒకరు రాయ్ ఇంగ్లండ్. పేరులో ఇంగ్లండ్ ఉన్నా పుట్టింది మాత్రం ఆస్ట్రేలియాలో. 1925లో కుర్రాడిగా బ్రిటన్ వచ్చాడు. అక్కడి 'వేల్ ఆఫ్ వైట్ హార్స్' అనే లోయప్రాంతంలోని పల్లెలు అతని మనసు దోచుకున్నాయి. గడ్డి కప్పిన పాతకాలపు ఇళ్లు, పూలమొక్కలు నిండిన పెరళ్లు, వంకర టింకర మట్టిరోడ్లు. అయితే చూస్తుండగానే ఒక్కో ఇంటి మీదా గడ్డి కప్పు పోయి చౌక రేకులూ పలకలూ వచ్చేస్తున్నాయి. రోడ్ల పక్కన ప్రకటనల బోర్డులు లేస్తున్నాయి. ఇంకొన్నేళ్లు పోతే ఈ పల్లెలు ఎలా ఉండేవో చెప్పేవాళ్లు కూడా మిగలరనిపించిందతనికి.

ఆపడం తన చేతిలో లేదు. మరేం చేయాలి? ఉన్నదాన్ని ఉన్నట్టుగా చిన్న రూపంలో దాచిపెట్టాలనుకున్నాడు. నిజం ఇళ్లను చూసి వాటికి 76వ వంతు పరిమాణంలో నమూనాలు చేయడం మొదలుపెట్టాడు. మందపాటి అట్టను కోసి గోడలు చేయడం, రాయి రాయికీ ఇటుక ఇటుకకీ గీతలు గీయడం, ఒక్కోదానికీ రంగు వేయడం... ఒక్క ఇల్లు పూర్తవడానికి వందల గంటలు పట్టేది. పెరట్లోని కూరగాయ మొక్కల్ని కూడా వదిలేవాళ్లు కాదు.

1954లో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని లాంగ్ విటెన్‌హమ్ అనే ఊళ్లో ఆయన శ్రమ 'పెండన్ మ్యూజియం'గా రూపుదిద్దుకుంది. అక్కడి ప్రధాన ఆకర్షణ 'పెండన్ పార్వా' అనే ఊహాగ్రామం. ఊరు కల్పితమే కానీ అందులోని ఇళ్లు నిజం ఇళ్లకు నకళ్లు. 1930ల నాటి ఆ పల్లెసీమ గుండా ఆనాటి రైళ్లే నడుస్తుంటాయి. రాయ్ ఇంగ్లండ్ 1995లో కన్నుమూశారు. స్వచ్ఛంద కార్యకర్తలు ఆ పనిని కొనసాగించారు. ఒక తరం మొదలుపెట్టిన ఊరిని తర్వాతి తరం పెంచుకుంటూ వచ్చిందన్నమాట!

బొమ్మ నుంచి ఊరి దాకా

అసలీ బొమ్మ రైళ్లకు ఓ పద్ధతి ఏర్పడింది జర్మనీలో. మార్‌క్లిన్ కంపెనీ 1891లో లైప్జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైళ్లను నిర్ణీత పట్టాల కొలతలతో ప్రదర్శనకు పెట్టింది. ఇవాళ కొన్న పెట్టె రేపు కొన్న పట్టాల మీద నడుస్తుంది అన్న భరోసా వచ్చింది. కొనేకొద్దీ పెంచుకోవచ్చు. 1920లో బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కూడా రైళ్ల తయారీలోకి దిగారు. ఆయన పేరు అక్కడ బొమ్మ రైలుకు మారుపేరైపోయింది.

అయితే చాలాకాలం అందరి ధ్యాసా ఇంజిన్ల మీదా పట్టాల మీదే. చుట్టూ ఊరుంటేనే రైలుకు అందం అని చేసి చూపించినవారిలో ముందువరసలో ఉండేది బ్రిటన్‌కు చెందిన జాన్ అహెర్న్. 1930ల చివర్లో ఆయన కట్టడం మొదలుపెట్టిన 'మ్యాడర్ వ్యాలీ'లో రైలు కన్నా ఊళ్లూ కొండలూ రేవూ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ లేఅవుట్ కూడా ఆ తర్వాత పెండన్ మ్యూజియానికే చేరింది.

ఇక 1963లో బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక అక్కడి పల్లె రైళ్లకు పిడుగుపాటైంది. నష్టాలొస్తున్నాయంటూ సుమారు 8 వేల కిలోమీటర్ల మార్గాన్నీ 2,363 స్టేషన్లనూ మూసేయాలన్నారాయన. కొన్ని బతికి బయటపడ్డా చాలావరకు మూతపడ్డాయి. పట్టాలు పీకేశారు. స్టేషన్లు ఇళ్లుగా మారిపోయాయి. అలా పోయిన పల్లె స్టేషన్లు ఎన్నో ఇప్పటికీ అభిమానుల ఇళ్లల్లో, అటకల మీదా షెడ్లలోనూ లేఅవుట్ల రూపంలో బతికే ఉన్నాయి. అక్కడ మాత్రం సాయంత్రం బండి రోజూ వేళకే వస్తుంది!

ఎంత చిన్నది?

ఈ హాబీలో మొదట తేల్చుకోవాల్సింది పరిమాణం. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది 'హెచ్‌ఓ' స్కేలు. పేరు వెనక చిన్న కథ ఉంది. పూర్వం 'జీరో' అనే సైజు ఉండేది. దాంట్లో సగం కాబట్టి ఇది 'హాఫ్ జీరో'. అందులో ప్రతిదీ నిజానికి 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది కావాలంటే 'ఎన్' స్కేలు. అది 160వ వంతు, పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. దానికన్నా బుజ్జిది 220వ వంతు ఉండే 'జెడ్'. దాన్ని మార్‌క్లిన్ 1972లో తెచ్చింది.

అంకెలు పక్కన పెట్టి మనిషి లెక్కలో చూద్దాం. అయిదున్నర అడుగుల మనిషి హెచ్‌ఓలో రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఎన్‌లో అయితే ఒక్క సెంటీమీటరే. అరవై అడుగుల కొబ్బరిచెట్టు మాత్రం హెచ్‌ఓలో 21 సెంటీమీటర్లు ఉండాలి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఇళ్లూ రైళ్లూ కొలిచి చేస్తారు, చెట్లను మాత్రం గుప్పెడంత చేసి వదిలేస్తారు. దాంతో ఊరంతా బొమ్మలకొలువులా కనిపిస్తుంది.

చిన్న చోటు... చిన్న ఊరే మేలు

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న బల్ల ఉందనుకోండి. ఎన్ స్కేలులో ఆ పొడవు నిజం నేల మీద రెండొందల మీటర్లకు కూడా సమానం కాదు. ఇరవై నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్ అయితే ఎన్‌లోనే సుమారు మూడున్నర మీటర్ల పొడవుంటుంది. అంటే దాని తల తోకను తరుముతుంది! అందుకే చోటు తక్కువున్నవాళ్లు సికింద్రాబాద్ జంక్షన్ లాంటిదాని జోలికి పోకూడదు. ఒక పల్లె స్టేషను, ఒక ప్లాట్‌ఫాం, ఎదురుబండికి దారివ్వడానికి రెండో లైను, మూడు నాలుగు పెట్టెల పాసింజరు... ఇవి చాలు. పల్లె లేఅవుట్లకు అంత ఆదరణ ఉండటానికి ఇదీ ఒక కారణం.

వలయంగా వేసిన పట్టాల్లో రైలు ఎప్పుడూ కళ్లముందే ఉంటే మజా ఉండదు. అందుకే వెనకవైపు సగాన్ని కొండతోనో చెట్లతోనో దాచేస్తారు. ఇటు గుహలోకి వెళ్లిన రైలు కాసేపు కనపడదు. అటునుంచి బయటికొచ్చేసరికి ఎక్కడో తిరిగొచ్చినట్టుంటుంది. వెనకవైపు ఇళ్లనూ చెట్లనూ కావాలని కొంచెం చిన్నవిగా చేస్తే, రెండడుగుల బల్ల కూడా చాలా దూరం వరకూ ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. సినిమా సెట్టింగుల్లో వాడే చిట్కానే ఇదీ.

ముందు పట్టాలు... తర్వాతే పచ్చదనం

బల్ల గట్టిగా, ఊగకుండా ఉండాలి. ప్లైవుడ్ కింద చెక్క చట్రం బిగిస్తారు. తేమకు వంగిపోకుండా అన్నివైపులా రంగు పూస్తారు. దానిమీద పలచటి కార్క్ పట్టీ, ఆపైన పట్టాలు. కార్క్ ఎందుకంటే చప్పుడు తగ్గడానికి. లేకపోతే చెక్క డప్పులా మోగుతుంది.

ఎత్తుపల్లాలు కావాలనుకునేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. వంద సెంటీమీటర్ల దారికి రెండు సెంటీమీటర్ల ఎత్తు మించితే చిన్న ఇంజిను ఆయాసపడుతుంది. హెచ్‌ఓలో ఒక రైలు మీదుగా మరో రైలు వెళ్లాలంటే కనీసం ఏడు సెంటీమీటర్ల ఎత్తు కావాలి. అంటే ఎక్కడానికే మూడున్నర మీటర్ల దారి పడుతుంది!

మామూలు పద్ధతిలో రెండు పట్టాల ద్వారా 12 వోల్టుల వరకు కరెంటు వెళ్తుంది. పెంచితే వేగం, తగ్గిస్తే నెమ్మది. ఇబ్బందల్లా ఒకే పట్టాల మీదున్న ఇంజిన్లన్నీ ఒకేసారి కదలడమే. డిజిటల్ పద్ధతి వచ్చాక ఆ బాధ తప్పింది. ఒక్కో ఇంజిన్లో ఓ చిప్, దానికో నంబరు. ఏ నంబరుకు ఆదేశమిస్తే అదే కదులుతుంది, అదే కూతపెడుతుంది.

అన్నీ బిగించాక కొన్నాళ్లు రైలు నడిపి చూడాలి. ఎక్కడ పట్టాలు తప్పుతోందో, ఎక్కడ ఆగిపోతోందో సరిచేశాకే పచ్చదనం పని మొదలెట్టాలి. కొండ కట్టేశాక గుహలో పట్టాలు సరిచేయాలంటే కొండను తవ్వాల్సిందే మరి!

పాత పేపరు కొండలు, పీచు పొలాలు

ఇక్కణ్నుంచి ఇంటిల్లిపాదికీ పని దొరుకుతుంది. డబ్బు పెట్టాల్సింది ఇంజిన్లకూ పట్టాలకే. పల్లెకు కావాల్సిన సరుకంతా ఇంట్లోనే ఉంటుంది.

కొండలు: అట్టముక్కలతోనో సన్న ఇనుప వలతోనో ఆకారం చేస్తారు. దానిమీద పాత పేపరు ముక్కల్ని జిగురునీళ్లలో ముంచి పొరలు పొరలుగా అతికిస్తారు. ఆరాక పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పూస్తారు. థర్మోకోల్ పలకల్ని పేర్చి చెక్కే పద్ధతీ ఉంది.

నేల: నిజం మట్టిని మించిన రంగు లేదు. ఎండబెట్టి మెత్తగా జల్లెడ పట్టాలి. ఆ తర్వాత ఒక అయస్కాంతాన్ని అందులో తిప్పాలి. మట్టిలో ఇనుప రజను ఉంటే ఇంజిను మోటారు దాన్ని లోపలికి లాగేసుకుంటుంది.

కంకర: పట్టాల మధ్య సన్న రాతిపొడి చల్లి బ్రష్‌తో సర్దుతారు. దానిమీద నీటి తుంపర కొడతారు. ఆ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బునీరు ఒక్క చుక్క కలపాలి. అప్పుడే తడి లోపలికి ఇంకుతుంది. ఆపైన ఒక వంతు ఫెవికాల్‌కు ఒక వంతు నీళ్లు కలిపి చుక్కలు చుక్కలుగా వేస్తారు. తెల్లారేసరికి రాయిలా పట్టేస్తుంది.

గడ్డి: పూర్వం రంపపు పొట్టుకు రంగు వేసి చల్లేవారు. ఇప్పుడు సన్నని నైలాన్ పోగులు దొరుకుతున్నాయి. చిన్న పరికరంతో వాటికి విద్యుదావేశం ఇచ్చి, జిగురు రాసిన నేల మీద చల్లితే పోగులన్నీ నిజం గడ్డిలా నిటారుగా నిలబడతాయి.

పొలాలు: గుమ్మం ముందు వేసే కొబ్బరిపీచు పట్టాలోంచి ఓ ముక్క కోసి రంగు వేస్తే పంటచేను సిద్ధం. జనపనారతో పూరిళ్ల కప్పులూ రెల్లు దుబ్బులూ తయారవుతాయి.

చెట్లు: కరెంటు వైరులోని రాగితీగల్ని కలిపి మెలిపెడితే మొదలు. పైన విడదీస్తే కొమ్మలు. ఆకుపచ్చ స్పాంజి పొడి అతికిస్తే ఆకులు. కాగితాన్ని విసనకర్రల్లా కత్తిరించి తీగ చివర గుచ్చితే తాటిచెట్టే.

నీళ్లు: చెరువు అడుగున మధ్యలో ముదురు రంగు, అంచుల్లో మట్టిరంగు వేసి, పైన పారదర్శకమైన వార్నిష్‌నో రెజిన్‌నో పలుచటి పొరలుగా పోస్తారు. ఒక పొర ఆరాకే ఇంకోటి. తొందరపడి ఒకేసారి పోస్తే ఆ చెరువు ఎప్పటికీ ఆరదు.

ఇక మనుషులు. పరుగెత్తుతున్నట్టున్న బొమ్మల్ని పెట్టకూడదంటారు అనుభవజ్ఞులు. రైలు కదులుతుంటుంది, పరుగెత్తే మనిషి మాత్రం కాలు గాల్లో పెట్టి నిలబడే ఉంటాడు. అరుగు మీద కూర్చున్న తాతయ్య, కావడి దించి సేదతీరుతున్న మనిషి, బండి కోసం ఎదురుచూస్తున్న కుటుంబం... వీళ్లయితే ఎంతసేపు కదలకపోయినా కళ్లకు ఎబ్బెట్టుగా ఉండదు.

చివరగా మురికి. కొత్త రంగుతో మెరిసే స్టేషను ఎక్కడైనా ఉంటుందా? గోడల మీద వాన చారికలు, రేకుల మీద తుప్పు, ఇంజిను మీద మసి... పలుచటి రంగునీళ్లతో ఇవన్నీ వేశాకే ఊరికి వయసొస్తుంది.

నౌపడ బండి కట్టాలంటే...

మన రైళ్లతో లేఅవుట్ కట్టాలనుకునేవాళ్లకు ఓ చిక్కుంది. భారతీయ నమూనాలు బజారులో దొరికేది తక్కువే. పైగా మన బ్రాడ్ గేజ్ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికాల్లో ఎక్కువగా ఉండేది 1435. హెచ్‌ఓ పట్టాలు ఆ కొలతకు చేసినవి. మన రైలుకైతే 19 మిల్లీమీటర్ల పైచిలుకు కావాలి. చాలామంది ఆ మూడు మిల్లీమీటర్ల తేడాతో రాజీపడిపోతారు.

రాజీ అక్కర్లేని మార్గం ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి సంస్థానాధీశులు వేయించిన నారోగేజ్ లైను 1900లో మొదలైంది. 1931లో గుణుపూర్ దాకా సాగింది. టెక్కలి, పాతపట్నం మీదుగా పొలాల్లోంచి వెళ్లే ఆ బుల్లి రైలు పట్టాల వెడల్పు రెండున్నర అడుగులే. అంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ. సరిగ్గా ఎన్ స్కేలు పట్టాల కొలత! బజారులో దొరికే ఎన్ పట్టాలు వేసి, ఇళ్లూ మనుషుల్నీ హెచ్‌ఓలో చేసుకుంటే నౌపడ బండి బల్లమీదకు వచ్చేసినట్టే. ఇంజిన్నీ పెట్టెల్నీ మాత్రం ఎన్ స్కేలు చక్రాల మీద సొంతంగా కట్టుకోవాలి.

2004లో నారోగేజ్ రైళ్లు ఆగిపోయాయి. బ్రాడ్ గేజ్ వేశాక 2011 నాటికి గుణుపూర్ దాకా పెద్ద రైలు వచ్చింది. ఊళ్లకు అది మంచిదే. కానీ ఆ చిన్న రైలు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలిసేదెలా? గుంటూరు-గుంతకల్లు, సికింద్రాబాద్-ద్రోణాచలం మార్గాలు కూడా ఒకప్పుడు మీటర్ గేజ్‌వే. వాటిలో ప్రయాణించినవాళ్లు ఇప్పటికీ మన ఇళ్లలోనే ఉన్నారు. స్టేషను పక్కన ఏ చెట్టుండేది, నీళ్లకుండ ఎక్కడ పెట్టేవాళ్లు, గేటు దగ్గర ఎవరు జామకాయలు అమ్మేవాళ్లు... ఇవేవీ పుస్తకాల్లో దొరకవు. అమ్మమ్మనో తాతయ్యనో అడగాలి. వాళ్లు చెప్తుంటే మనవలు కడుతుంటే, అంతకు మించిన చరిత్ర పాఠం ఏముంటుంది?

నిపుణులు చెప్పే ఇంకో మాట... నెల ఎంచుకోండి, పూట ఎంచుకోండి. ఆగస్టు అయితే నాట్లు, నీళ్లు నిలిచిన మడులు. డిసెంబరయితే కుప్పలు, గడ్డివాములు. రెండూ ఒకేచోట పెడితే చూసేవాళ్లు చెప్పలేకపోయినా ఎక్కడో తేడా కొడుతుంది.

చూసొద్దామా!

ఈ కళ ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే జర్మనీలోని హాంబర్గ్ వెళ్లాలి. ఫ్రెడరిక్, గెరిట్ బ్రౌన్ అనే కవల సోదరులు అక్కడి పాత గోదాములో 2001 ఆగస్టులో 'మినియేచర్ వండర్‌లాండ్' తెరిచారు. ప్రపంచంలోకెల్లా పెద్ద మోడల్ రైల్వేగా గిన్నిస్ రికార్డు దానిదే. పట్టాల పొడవు 15 కిలోమీటర్ల పైమాటే. అక్కడ పావుగంటకోసారి పగలూ రాత్రీ మారుతుంటాయి. చీకటి పడగానే ఇళ్లల్లో దీపాలు వెలుగుతాయి.

అంతదూరం వద్దనుకుంటే పుణె ఉండనే ఉంది. కోత్రుడ్ ప్రాంతంలో 1998లో మొదలైన జోషీ మినియేచర్ రైల్వేస్ మ్యూజియం భావూసాహెబ్ జోషి అనే అభిమాని కల. రైళ్లతోపాటు ఫ్లైఓవరు, సర్కస్, ఈతకొలను కూడా ఉన్న బుల్లి నగరం అది.

ఇవన్నీ పెద్ద పెద్ద కథలు. మొదలుపెట్టడానికి మాత్రం ఒక బల్ల, గుప్పెడు పట్టాలు, కాస్త మట్టి చాలు. ఓపిక మాత్రం ఎక్కువే కావాలి. ఇంకో పనీ చేయొచ్చు. మీ ఊళ్లో పాత స్టేషనో, పెంకుల గేటుగదో ఇంకా నిలిచి ఉంటే ఈ సెలవుల్లోనే పిల్లల్ని తీసుకెళ్లి, అనుమతి అడిగి, టేపుతో కొలిచి, నాలుగువైపులా ఫొటోలు తీసి దాచుకోండి. లేఅవుట్ ఎప్పుడైనా కట్టుకోవచ్చు. పడగొట్టేశాక కొలతలు తీసుకోవడం మాత్రం ఎవరితరమూ కాదు!